కాగితం ఆగిన చోటు

సిగ్నీ ఇంతవరకు ఎవరితోనూ పైకి అనని మాట ఒకటుంది. నాన్న సరస్సులో పోయాడని తెలిసిన క్షణాన ఆమెకు మొదట గుర్తొచ్చింది నాన్న మొహం కాదు. మైనం గది తాళంచెవి.

ఏడుపు తర్వాత వచ్చింది. బాగానే వచ్చింది, నలుగురూ చూశారు కూడా. కానీ దానికంటే ముందు, గుమ్మంలో నిలబడి కబురు చెబుతున్న మనిషి నోరింకా మూసుకోకముందే, 'ఇక ఆ గది నాది' అని లోపల ఎవరో అన్నారు. అన్న గొంతు తనదే. ఆ మాట ఆమె కొండకు చెప్పుకోలేదు, దేవుడికి చెప్పుకోలేదు, అన్న ఔదున్‌కి అసలే చెప్పుకోలేదు.

ఆ గది సరస్సు ఒడ్డున, పడవల కొట్టం పక్కన ఉంటుంది. తారు పూసి పూసి నల్లబడిన చెక్క గోడలు. నడుమ పొడుగాటి బల్ల. గోడ పొడవునా, మంచు మీద జారే స్కీలు తగిలించే కొయ్యలు. మూలన ఇనప పొయ్యి, దాని నెత్తిన ఎప్పుడూ మరిగే కాఫీ. తలుపు తీయగానే పైన్ తారు వాసన, కరిగిన మైనం వాసన, ఆరని ఉన్ని వాసన ఒక్కసారిగా వచ్చి మొహాన కొడతాయి. లోయలో పుట్టినవాళ్ళకు ఆ వాసన వస్తేనే చలికాలం వచ్చినట్టు. నవంబరులో కొండ వెనక్కి పోయిన సూర్యుడు మళ్ళీ ఫిబ్రవరి దాకా ఆ ఒడ్డుకు మొహం చూపించడు. పగలంటే కాసేపు బూడిదరంగు వెలుతురు, అంతే. మధ్యాహ్నం కాఫీ తాగేలోపే చీకటి దిగిపోతుంది.

సిగ్నీ తండ్రి హాల్వర్‌ని లోయలో పిల్లా పెద్దా 'మైనం హాల్వర్' అనే పిలిచేవాళ్ళు. గుప్పెడు మంచు తీసుకుని పిడికిట్లో నలిపి, చెంపకు రుద్దుకుని, ఆ రోజుకు స్కీల అడుగున ఏ మైనం పట్టించాలో చెప్పేసేవాడు. పొడి చలికి నీలం మైనం. గట్టిది, కొవ్వొత్తిలా రుద్ది కార్కు ముక్కతో నున్నగా చెయ్యాలి. మంచు తడిసి నీళ్ళోడే రోజులకు క్లిస్టర్. ట్యూబులోంచి పిండే ఎర్రటి జిగురు, ముదురు పాకంలా సాగుతుంది, చేతికంటితే ఒక పట్టాన వదలదు. తారుమారైందో, కొండెక్కేటప్పుడు కాళ్ళు వెనక్కి జారతాయి. లేకపోతే అడుగున మంచు ముద్దలు కట్టి అడుగే పడదు.

ఈ విద్య హాల్వర్ కొడుక్కి నేర్పాడు. కూతురికి నేర్పలేదు.

"నీ చెయ్యి వేడే, సిగ్నీ. నువ్వు పట్టుకుంటే మైనం ముద్దైపోతుంది. పో, కాఫీ చూడు," అనేవాడు. ఔదున్ చేతులు మాత్రం చేపల్లా చల్లన. ఆ చల్లదనం చూసుకుని తండ్రి మురిసిపోయేవాడు. సిగ్నీ కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఆ రెండు జతల చేతుల్ని చూసి చూసి నేర్చుకుంది. చూసి నేర్చుకున్నదానికి మెచ్చుకోలు ఉండదు. ఎవరూ నేర్పలేదు కాబట్టి ఎవరూ అడగరు కూడా.

అంత్యక్రియల తర్వాత హాల్లో అందరూ వాఫుల్స్ మీద గోధుమరంగు చీజ్ వేసుకుని తింటుంటే ఔదున్ చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇటివ్వు."

"ఇవ్వను."

"నాన్న బతికుంటే నీకిచ్చేవాడా?"

"బతికిలేడుగా," అంది సిగ్నీ.

హాలంతా చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఔదున్ పళ్ళెం పక్కన పెట్టి, కోటు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి రెండు చలికాలాలు దాటి మూడోది నడుస్తోంది. ఇద్దరి ఇళ్ళ మధ్యా ఒక మడుగు, ఒక పొలం. ఒక్క మాట లేదు. ముందు తనే ఫోన్ చెయ్యనీ అని సిగ్నీ అనుకుంది. నంబరు చెరిపేసింది. తాళంచెవి తోలు తాడుకు కట్టి మెళ్ళో వేసుకుంది.

నాన్న పోయిన రోజున బయట పొడి చలి. నీలం మైనం వేసుకుని, ఎప్పటిలాగే జారుడు చూసుకుందామని పొద్దున్నే సరస్సు మీదికి వెళ్ళాడు. పైన మంచు ఉప్పులా పొడిపొడిగా ఉంది. కానీ ఆ మంచు బరువుకే కింద ఐసు కుంగి, పగుళ్ళలోంచి నీళ్ళు పైకొచ్చి, మంచు దుప్పటి కింద గడ్డకట్టకుండా దాక్కున్నాయి. ఏరు సరస్సులో కలిసే చోట ఐసును అడుగు నుంచి ఏటి నీళ్ళు, పైనుంచి ఈ నీళ్ళు తినేశాయి. మైనం హాల్వర్ జన్మలో మంచును తప్పు చదివింది ఆ ఒక్కసారే.

స్కీలు మాత్రం పైకి తేలాయి. ఐసు విరిగిన గుంట అంచున, ఒకదాని పక్కన ఒకటి, ఎవరో సర్దిపెట్టినట్టు దొరికాయి. పాతకాలపు చెక్క స్కీలు, పొడుగాటివి. సిగ్నీ వాటి అడుగున మిగిలిన నీలం మైనం గీకి, మంట చూపిస్తూ కొత్త తారు పట్టించి, గోడకు చివరి కొయ్యకు తగిలించింది. తర్వాత వాటిని ఎవరూ ముట్టలేదు.

ఎవరూ ముట్టలేదనే అనుకుంది.

డిసెంబరులో ఒకరోజు దుమ్ము తుడుస్తుంటే గుడ్డ అతుక్కుపోయింది. లాగితే సాగింది. ఎర్రటి క్లిస్టర్. తాజాగా, నడిమి భాగమంతా, రెండు స్కీలకూ. దాని నడుమ పొడవునా వెంట్రుకంత సన్నటి గట్టు.

ఆ గట్టు ఆమెకు తెలుసు. హాల్వర్ కుడి బొటనవేలి కొసను వయసులో ఉన్నప్పుడే రంపం తీసుకుపోయింది. ఆ మొద్దు వేలితో క్లిస్టర్ సర్దితే మచ్చ తగిలిన చోట అలాంటి గట్టు మిగిలేది. చేతిరాతలాగా. హాల్వర్ మైనం వేసిన స్కీ ఏదో, ఇంకొకరు వేసిన స్కీ ఏదో లోయలో చీకట్లో తడిమి చెప్పేవాళ్ళు.

'ఔదున్,' అనుకుంది సిగ్నీ. ఒళ్ళు మండింది. దొంగతాళం చేయించుకుని వచ్చి, గోటితో అలాంటి గట్టే తీసి, నీకు ఈ గది దక్కలేదు చూడు అని వెక్కిరిస్తున్నాడన్నమాట. క్లిస్టరంతా గీకి పారేసింది. తాళం మార్చింది. వారం తిరక్కుండా మళ్ళీ అదే క్లిస్టర్, అదే గట్టు. ఆ ఎర్ర ట్యూబు ఆమె గదిలో లేనేలేదు. వాసన పడదని ఆ రకం తెప్పించడమే మానేసింది.

ఈసారి పెన్సిల్ గీతలు కూడా ఉన్నాయి.

స్కీ నడుమ విల్లులా కాస్త పైకి వంగి ఉంటుంది. మనిషి నిలబడితే ఆ వంపు కుంగుతుంది. కుంగినా నేలకు ఆననంత మేరకే మైనం వెయ్యాలి. దానికి హద్దుగా ముందొక గీత, వెనకొక గీత. బరువైన మనిషికి ఆ జాగా పొట్టిది. మనిషి తేలికయ్యేకొద్దీ జాగా పొడుగవుతుంది, పొర మందమవుతుంది. నాన్న భారీ మనిషి. ఆయన పాత గీతలు తారు కింద ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. కొత్త గీతలు వాటికి బాగా అవతల ఉన్నాయి, ఎవరో తేలికైన మనిషి కోసం.

తనకోసమేమో.

ఆ ఆలోచన వచ్చినప్పుడు సిగ్నీకి భయం వెయ్యలేదు. అసలు భయపడాల్సింది అక్కడే. బతికున్నన్నాళ్ళూ ఒక్కసారైనా తన స్కీలకు మైనం వెయ్యని మనిషి ఇప్పుడొచ్చి వేస్తున్నాడేమో అనుకుంది. ఈసారి క్లిస్టర్ గీకలేదు. అలాగే ఉంచింది. ఆ స్కీల మీద ఒకసారి నిలబడి చూసుకుంటే ఎవరికోసమో తేలిపోతుంది. తేలిపోతుందనే నిలబడలేదు.

జనవరిలో ఒక శనివారం. మధ్యాహ్నమే, కానీ కిటికీలో చీకటి తప్ప ఏమీ లేదు. ధన్‌మని తలుపు తెరుచుకుంది. చలిని వెంటబెట్టుకుని తిరిల్ లోపలికొచ్చింది. ఔదున్ కూతురు. పధ్నాలుగేళ్ళ పిల్ల, పొడుగు, పుల్ల.

"అత్తా! ఉన్నావా, మైనంలో కలిసిపోయావా?"

"తలుపెయ్యవే ముందు. పొయ్యి మీ తాత సొమ్మనుకున్నావా?"

"తాత సొమ్మే కదా!"

సిగ్నీకి నవ్వు ఆగలేదు. "మీ నాన్నకి తెలుసా ఇక్కడికొచ్చావని?"

"తెలిస్తే వదుల్తాడా? స్నేహితురాలింటికని చెప్పొచ్చా. పోయినసారి నాన్న వేసిన మైనంతో కొండెక్కుతుంటే వెనక్కి వెనక్కి వచ్చాను, పీతలాగా. అందరూ నవ్వారు. నువ్వే వెయ్యి అత్తా, రేపటికి."

"చేతులు చల్లనట కదా మీ నాన్నవి."

"చేతులు చల్లనే. బుర్రే వేడి."

సిగ్నీ ఆమె స్కీలు తీసుకుని చదునుగా ఉన్న పలక మీద పక్కపక్కన పరిచింది. "ఎక్కు. బరువెంత?"

"ఆడపిల్లని అలా అడుగుతారా?"

"మైనానికి సిగ్గేమిటి? చెప్పు."

"నలభై మూడు. బూట్లతో కలిపి."

"తిండి పెట్టట్లేదా మీ నాన్న?"

"పెడుతున్నాడు. తనే వండుతున్నాడు. అందుకే ఇలా ఉన్నా."

తిరిల్ రెండు స్కీల మీదా సమంగా నిలబడింది. సిగ్నీ మోకాళ్ళ మీద కూర్చుని, స్కీ కింద ఒక కాగితం దూర్చి ముందుకు జరిపింది. నేలకు, స్కీకి నడుమ సందు ఉన్నంత మేరా కాగితం జారుతుంది. సందు మూసుకున్న చోట ఆగిపోతుంది. ఆగిన చోట గీత. ముందొకటి, వెనకొకటి.

"నీ స్కీలకి కాగితం ఎవరు జరుపుతారత్తా? పైన నిలబడి నువ్వే వంగలేవు కదా."

"కాగితానికి దారం కట్టుకుంటాను. నిలబడి లాక్కుంటాను." బల్ల మీదున్న దారపుండ చూపించింది.

తిరిల్ నవ్వబోయి ఆగింది. "ఒక్కదానివే?"

"ఇంకెవరున్నారే."

సిగ్నీ నీలం మైనాన్ని పల్చగా, పొర మీద పొరగా పట్టిస్తోంది. ఆ వేడి చేతులతోనే. మైనం ఎక్కడా ముద్దవలేదు.

"రేపెక్కడికి?"

"క్లబ్బు పిల్లలందరం సరస్సు దాటి కొండమీది గుడిసెకి. నాన్నే దారి కట్టాడు, పొడుగునా బర్చ్ కొమ్మలు గుచ్చాడు. నేనే ముందు! దారి తొక్కేది నేనే."

"ఎటునుంచి?"

"ఏటి మూతి పక్కనుంచి. చుట్టు తప్పుతుందని. భయం లేదులే, కన్నాలు వేసి చూశాడు. ఐసు మూరెడు మందం ఉందిట."

సిగ్నీ చెయ్యి ఆగింది. నాన్న పోయింది అక్కడే. ఎన్నిచోట్ల చూశాడు? మంచు పడకముందా, పడ్డాకా? ఈ వారమంతా మోకాటి లోతు మంచు పడింది కదా... నాలుక చివరిదాకా వచ్చింది.

"తిరిల్, మీ నాన్నకి చెప్పు..."

"ఏమని?"

నీ చెల్లెలు చెప్పమంది అని. రెండేళ్ళ తర్వాత ఆమె పంపిన మొదటి మాట ఇదే అని. ఔదున్ ఎలా నవ్వుతాడో సిగ్నీకి కళ్ళముందు కనిపించింది. మూతి ఒక పక్కకి లాగి, 'ఓహో, ఐసు కూడా నేర్చుకుందా గుమ్మంలో నిలబడి?' అని.

"ఏం లేదు. చెవులు కప్పుకోమను," అంది.

తిరిల్ స్కీలు భుజానెత్తుకుని తలుపు దాకా వెళ్ళి, గోడ దగ్గర ఆగింది.

"ఇదేంటత్తా? తాత స్కీలకి క్లిస్టరా? బయట ముక్కు ఊడిపోయే చలి! ఎవరైనా చూస్తే నవ్విపోతారు."

"ముట్టుకోకు!"

ఆ అరుపుకి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. తిరిల్ వేలు పైకెత్తి చూపించింది. కొసన ఎర్రగా, నిగనిగలాడుతూ.

"ఇప్పుడే వేశావా? వెచ్చగా ఉంది," అంది.

సిగ్నీ ఆమె చెయ్యి పట్టుకుంది. గుడ్డ తీసుకుని ఆ వేలు తుడిచింది. తుడిచిందే తుడిచింది. "చాల్లే అత్తా, చర్మం వస్తుంది," అని పిల్ల చెయ్యి లాక్కుని వెళ్ళిపోయింది. ఆమె నుదుటి దీపం ఒడ్డు వెంబడి ఊగుతూ పోయి, చెట్ల వెనక ఆరిపోయింది.

సరస్సు మూలిగింది.

చలి ముదిరితే ఐసు అలా మూలుగుతుంది. దూరంగా ఎక్కడో మొదలై, కడుపులోంచి వచ్చినట్టు, ఒడ్డు దాకా సాగి ఆగుతుంది. చిన్నప్పటి నుంచి వింటున్న చప్పుడే. సిగ్నీ తలెత్తలేదు. బల్ల తుడిచింది. మైనం కరిగించే ఇస్త్రీపెట్టె చల్లారబెట్టింది. కాఫీ అడుగంటింది, దింపింది.

అప్పుడు ఇంకో చప్పుడు వినిపించింది.

టప్.

చాలాసేపటికి మళ్ళీ, టప్.

గది చివర నుంచి. నాన్న స్కీల కొనల నుంచి నీటిబొట్లు నేల మీద పడుతున్నాయి. చెక్క నేల మీద నల్లటి మరక, అరచేయంత. పైకప్పు చూసింది. పొడిగా ఉంది. వంగి వాసన చూసింది. తారు లేదు, మైనం లేదు. నాచు, తుప్పు కలిసిన చల్లటి వాసన. ఐసుకు కన్నం వేసినప్పుడు లోపలి నుంచి వచ్చే వాసన.

వెళ్ళిపోదామనుకుంది. తాళం వేసి, ఇంటికెళ్ళి, తలుపు బిగించుకుని, రేపు చూసుకోవచ్చు. ఏ తెలివైన మనిషైనా అదే చేస్తుంది.

కానీ ఆ క్లిస్టర్ వెచ్చగా ఉందని పిల్ల అంది. ఇంత వెచ్చగా, ఇంత శ్రద్ధగా... నాన్న ఎవరికోసం?

సిగ్నీ స్కీలు దింపింది. రాయంత చల్లగా ఉన్నాయి. జిగురు మాత్రం నిజంగానే వెచ్చగా ఉంది. గట్టు మీద బొటనవేలు పెట్టి కాస్త దూరం జరిపింది. ఆయన వేలు నడిచిన దారిలోనే.

పలక మీద నూనె కాగితం పరిచి, దాని మీద స్కీలు పెట్టింది. సన్న కాగితానికి దారం కట్టి, కింద దూర్చి, పైకెక్కి నిలబడింది. రెండు కాళ్ళ మీదా సమంగా. ఊపిరి బిగపట్టింది.

"నాకే కదా నాన్నా," అంది, పెదాలు కదిలీ కదలకుండా.

దారం లాగింది.

కాగితం జారింది... జారింది... ఆగింది.

గీత ఇంకా అవతలే ఉంది. నాలుగు వేళ్ళ దూరంలో.

మళ్ళీ లాగింది, గట్టిగా. దారం తెగింది. కట్టింది. బూట్లు విప్పేసింది, కోటు విప్పేసింది, మెళ్ళో తాళంచెవి కూడా తీసి బల్ల మీద పెట్టింది. ఉన్ని మేజోళ్ళతో నిలబడి మళ్ళీ లాగింది. కాగితం ఇంకో వేలెడు జరిగి ఆగిపోయింది.

తనకు కాదు.

సిగ్నీ నవ్వింది. పొడిగా, దగ్గులాగా వచ్చింది ఆ నవ్వు. చచ్చిపోయి, నీళ్ళలోంచి లేచొచ్చి, తాళం వేసిన గదిలో కూర్చుని మైనం వేసేంత తీరిక దొరికినా, ఈ మనిషికి కూతురు గుర్తురాలేదు. ఎవరో ఇంకొకరు గుర్తొచ్చారు. ఎవరు? అంతకంటే తేలికైనవాళ్ళెవరు?

అసూయే ఆమెను ఆ పని చేయించింది. భయం కాదు. ఆ సంగతి కూడా ఎవరికీ చెప్పుకోదగ్గది కాదు.

ఉన్ని తూచే బుట్ట తెచ్చింది. పొయ్యి పక్కనున్న బర్చ్ కట్టెలు అందులో వేసి, స్కీల మీద అడ్డంగా చెక్క పెట్టి, ఆ బుట్టను దాని మీదికెత్తింది. దారం లాగింది. కాగితం గీత దాటి పోయింది. బరువు చాలలేదు. ఒక దుంగ వేసింది. దాటింది. ఇంకోటి వేసింది. గీతకు ఇవతల ఆగింది. ఆ దుంగ తీసి చిన్నది వేసింది. లాగింది.

కాగితం అంచు సరిగ్గా పెన్సిల్ గీత మీద ఆగింది. వెనక్కి లాగింది. వెనక గీత మీద కూడా, వెంట్రుకవాసి తేడా లేకుండా.

బుట్టనూ చెక్కనూ కలిపి తాడుతో కట్టి, దూలానికి వేలాడే కాటాకు తగిలించింది. కాటా కిర్రుమంది. ముల్లు వణికింది, అటూ ఇటూ ఊగింది, నిలబడింది.

నలభై మూడు.

సిగ్నీ ఆ అంకెను చాలాసేపు చూసింది. ఇందాక ఎవరో నవ్వుతూ చెప్పిన అంకె. 'బూట్లతో కలిపి.'

బయట ముక్కు ఊడిపోయే చలి. రేపూ అంతే. లోయలో ఏ ఇంట్లో చూసినా ఈపాటికి నీలం మైనమే రుద్దుతుంటారు. తనూ అదే రుద్దింది ఆ పిల్ల స్కీలకి. ఈ ఒక్క జతకే... తడి మంచుకు వేసే క్లిస్టర్. నీళ్ళలో నడవబోయే మనిషికి వేసే క్లిస్టర్.

మంచు దుప్పటి కింద దాక్కున్న నీళ్ళు. ఏటి మూతి. 'దారి తొక్కేది నేనే' అంది పిల్ల.

హెచ్చరికా ఇది? లేకపోతే... పిలుపా? మనవరాలి బరువు చూసుకుని, హద్దులు గీసుకుని, అక్కడి దారికి పనికొచ్చేలా... సిద్ధం చేసి ఉంచాడా?

"నాన్నా," అంది. "ఎందుకు?"

టప్.

స్కీలు ఇప్పుడు గోడకు లేవు. పలక మీద ఉన్నాయి. కొయ్య ఖాళీగా ఉంది. ఆ ఖాళీ కొయ్య నుంచే పడుతోంది నీటిబొట్టు.

పొయ్యిలో నిప్పు ఎర్రగానే ఉంది. అయినా సిగ్నీ నోట్లోంచి ఆవిరి వస్తోంది. సరస్సు మళ్ళీ మూలిగింది. ఈసారి దూరంగా కాదు. ఒడ్డు దగ్గర... నేల కింద... చెక్క సందుల్లోంచి.

స్కీల మీద ఏమీ లేదు. బుట్ట కాటాకు వేలాడుతోంది. దారం నేల మీద వదులుగా పడి ఉంది. ఆమె చేతిలో లేదు.

కాగితం కదిలింది.

నెమ్మదిగా. ఎవరో మోకాళ్ళ మీద కూర్చుని, ఓపిగ్గా, రెండు వేళ్ళతో జరుపుతున్నట్టు. ముందుకు... ఇంకాస్త ముందుకు... దాంతోపాటే స్కీల నడుమ వంపు కొద్దికొద్దిగా కుంగింది. చెక్క కిర్రుమంది. పైన ఎవరో నిలబడ్డారు. తేలికైన మనిషి. రెండు కాళ్ళ మీదా సమంగా.

కాగితం గీత దగ్గరికొచ్చి ఆగింది.

సిగ్నీ వెనక్కి నడిచింది. బల్ల తగిలింది. బల్ల మీద కోటు, కోటు జేబులో ఫోన్. తీసింది. ఏమని చెబుతుంది? నాన్న నీ కూతురికి మైనం వేశాడనా? ఔదున్ నవ్వుతాడు. మూతి ఒక పక్కకి లాగి నవ్వుతాడు. ఫోన్ పెట్టేస్తాడు. గుమ్మంలో నిలబడి కాఫీ మోసిన పిల్ల మాట ఆ ఇంట్లో ఎవరు విన్నారు గనక?

నవ్వనీ. పెట్టేస్తే మళ్ళీ చేస్తుంది. అప్పటికీ వినకపోతే మడుగు దాటి, పొలం దాటి వెళ్ళి, తలుపు బాదుతుంది. కావాలంటే ఈ తాళంచెవి వాడి చేతిలో పెట్టేస్తుంది.

నంబరు చెరిపేసి రెండేళ్ళయింది. వేళ్ళకు గుర్తుంది. మొదటి అంకె మీద బొటనవేలు ఆనించింది. తీసింది.

ఫోన్ అద్దం మీద ఎర్రటి క్లిస్టర్ ముద్ర పడింది. దాని నడుమ వెంట్రుకంత సన్నటి గట్టు.

సిగ్నీ తన బొటనవేలు వెలుతురులోకి తిప్పి చూసుకుంది. వేలు నిండుగా ఉంది. మచ్చ లేదు, లోటు లేదు. చల్లగా ఉంది, చేపలాగా.

ఆ చల్లటి వేలితోనే రెండో అంకె నొక్కింది.